గీజర్ ఏకాంబరం కోడలు

ధనుర్మాసం మొదలై మూడో రోజు. తెల్లవారుజామున శకుంతలమ్మ వంటింట్లో పొయ్యి మీద పెద్ద గిన్నె నిండా నీళ్ళు పెట్టి, అవి ఎప్పటికి కాగుతాయా అని విసుక్కుంటూ నిలబడి ఉంది. తిరుపతిలో అలిపిరికి వెళ్ళే దారిలో, కొండకు దగ్గరగా ఉన్న వీధి వాళ్ళది. మంచు దిగిందంటే ఎండెక్కేదాకా చలి వదలదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అప్పటికే తలస్నానాలు ముగించి వాకిళ్ళలో ముగ్గులు వేస్తున్నారు. శకుంతలమ్మకు ఇంకా నీళ్ళే కాగలేదు.

విడ్డూరం ఏమిటంటే ఆ ఇంట్లో గీజర్ ఉంది. అదీ గీజర్ ఏకాంబరం ఇల్లు. ఊళ్ళో ఏకాంబరాలు ఎంతమందైనా ఉండొచ్చు గానీ గీజర్ ఏకాంబరం ఒక్కడే. ముప్పై ఏళ్ళుగా గీజర్లు, కూలర్లు, ఏసీలు బిగిస్తూ, బాగుచేస్తూ, ఇక పనికిరావని తేలినవాటిని పీకేసి కొత్తవి పెడుతూ సంసారం నెట్టుకొచ్చాడు. 'ఏకాంబరం బిగిస్తే భయం లేదు' అని నలుగురూ అనుకునే పేరు తెచ్చుకున్నాడు. కొడుకు మునిప్రసాద్ కూడా అదే పనిలో దిగి లాడ్జీల ఏసీలు చూసుకుంటున్నాడు. శకుంతలమ్మ మాత్రం గీజర్ జోలికి పోదు. నెత్తిమీద మంట పెట్టుకొని స్నానం చేయడమేమిటని ఆమె భయం.

"ఊరందరికీ ఉడుకునీళ్ళు నీ చలవే. నీ పెండ్లానికి మాత్రం ఈ పొయ్యే గతి" అంది, పెరట్లో కుళాయి కింద చన్నీళ్ళు పోసుకొని వచ్చిన భర్తను చూసి. ఎప్పుడో అయ్యప్ప మాల వేసినప్పుడు మొదలైన ఆ చన్నీళ్ళ అలవాటు ఏకాంబరానికి మాల తీసేసినా పోలేదు.

"గీజర్ తిప్పుకోరాదా?" అన్నాడాయన.

"నాకొద్దబ్బా దాని పొత్తు. నీళ్ళు తోడిచ్చే కోడలొచ్చిందని సంబరపడితిని. ఆ రాత మనకు లేకపాయె."

కోడలు మోహన పుట్టింటికి పోయి ఇరవై అయిదు రోజులయింది. పోయింది అనడం మర్యాదకే. నిజానికి పంపించేశారు.

వైశాఖంలో పెళ్ళయింది మోహనకు. సత్యవేడులో రైతు తిరుమలయ్య పెద్దకూతురు. వచ్చిన నెలలోనే ఇంటి పనంతా తన చేతుల్లోకి తీసుకుంది. శకుంతలమ్మ మొదట్లో 'నా బంగారు' అనే పిలిచేది. కోడలు పొయ్యి మీద నీళ్ళు కాచి మోయడం చూడలేక, దీపావళికి ఏకాంబరం కొత్త గ్యాస్ గీజర్ తెచ్చి స్నానాల గదిలో బిగించాడు. సొంత కూతురు లేని మనిషి. కోడలి మీద ఆ ప్రేమంతా అట్లా చూపించుకున్నాడు.

కార్తీకంలో మోహన అందరికంటే ముందు లేచేది. తలుపు గడియ పెట్టుకొని, గీజర్ తిప్పుకొని తలస్నానం చేసేది. నడుము దిగిన జుట్టు. సీకాయ వదలాలంటేనే ఇరవై నిమిషాలు కావాలి. తన స్నానమయ్యాక అత్తకూ భర్తకూ చెరో బక్కెట్ వేడినీళ్ళు పట్టి, గీజర్ ఆపి బయటికి వచ్చేది. రెండో సోమవారం అట్లా స్నానానికి పోయిన పిల్ల తలుపు దగ్గరే కూలబడింది. ఉపవాసం కదా, నీరసమన్నారు. ఎనిమిది రోజుల తర్వాత మళ్ళీ పడింది. ఈసారి లోపలే. తలుపు విరగ్గొట్టి చూస్తే కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. నోట్లో నురగ.

మునిప్రసాద్ భార్యను ఎత్తుకొచ్చి వరండాలో పడుకోబెట్టాడు. శకుంతలమ్మ పరుగున పోయి బీరువా తాళాల గుత్తి తెచ్చి కోడలి గుప్పిట్లో పెట్టి బిగించింది. పది నిమిషాలకు మోహన కళ్ళు తెరిచింది. తాళాలకు తెలివి వచ్చిందంటే అది ఫిట్సే, ఇంకో మాట లేదని శకుంతలమ్మ తేల్చేసింది. డాక్టర్ దగ్గరికి పోయినా ముందుగా చెప్పింది ఆ మాటే. స్కాన్‌లో ఏమీ లేదు. లేకపోయినా కొందరికి ఉంటుందని ఆయన రెండేళ్ళ మాత్రలు రాశాడు.

అంతటితో ఆ ఇంట్లో మోహన బంగారం కాకుండా పోయింది. రోగం దాచిపెట్టి పిల్లను అంటగట్టారని శకుంతలమ్మ వీధి వినేటట్టు ఏడ్చింది. తనకు చిన్నప్పటి నుంచీ అట్లాంటిది లేదని మోహన దేవుడి పటం ముందు ప్రమాణం చేసింది. ఎవరూ నమ్మలేదు. మునిప్రసాద్ నమ్మాడో లేదో గానీ నోరు మెదపలేదు. కొన్నాళ్ళు అక్కడే ఉండి మందులు మింగనీ అని తల్లి అంటే, తలవంచుకొని తీసుకుపోయి దిగబెట్టి వచ్చాడు.

ధనుర్మాసం మూడో రోజు, గురువారం. ఏకాంబరం కాఫీ తాగి, సామాన్ల సంచి స్కూటర్‌కు తగిలించుకొని దేవకమ్మ అనే ఆవిడ ఇంటికి వెళ్ళాడు. గీజర్‌లో మంట నీలంగా కాకుండా ఎర్రగా వస్తోందని ఆమె ఫోన్ చేసింది. స్నానాల గదిలోకి అడుగుపెట్టి తలెత్తగానే ఆయనకు సంగతి తెలిసిపోయింది. వెంటిలేటర్‌కు అడ్డంగా అట్టముక్క కట్టి ఉంది.

"ఏందమ్మా ఇది? బిగించిన దినమే చెప్పినాను గదా. గ్యాస్ గీజర్ ఉండే గదికి గాలి వస్తా పోతా ఉండాల. వెంటిలేటర్ మూస్తే మనిషిని మూసినట్టే" అని కోప్పడ్డాడు. ముప్పై ఏళ్ళలో ఆ మాట ఆయన కొన్ని వందల ఇళ్ళలో చెప్పి ఉంటాడు. గాలి ఆడని చోట ఆ మంట విషగాలి కక్కుతుందనీ, దానికి వాసన గానీ పొగ గానీ ఉండదనీ విడమరిచి చెప్పాడు.

చలికి కట్టినామప్పా, పైగా కోతులు దూరతా ఉండాయి అని దేవకమ్మ సంజాయిషీ చెప్పుకుంది. చెబుతూ చెబుతూ వరండా మెట్టు మీద తల పట్టుకొని కూర్చున్న కూతురిని చూపించింది. "మా అమల నాలుగు దినాలుగా స్నానం చేసి వస్తే తల తిరగతాదంటాది. బయట కూచోని గాలి తగిలితే పది నిమిషాల్లో సర్దుకుంటాది. అదీ దీనివల్లేనా?"

ఏకాంబరం చేతిలోని స్పానర్ నేల మీద పెట్టి, గోడకు ఆనుకొని కూర్చున్నాడు. వరండా, గాలి, పది నిమిషాలు. మోహనకు తెలివి తెప్పించింది తాళాలు కావు.

దీపావళి తర్వాతి వారంలో జరిగిన సంగతి గుర్తొచ్చింది. స్నానాల గది వెంటిలేటర్‌లోంచి కోతి లోపలికి దూకి సబ్బుపెట్టె ఎత్తుకుపోయింది. మోహన హడలిపోయి బయటికి పరుగెత్తి వచ్చింది. పిల్ల భయపడిందని ఏకాంబరం అప్పటికప్పుడు ప్లైవుడ్ చెక్క కోసి, నాలుగు స్క్రూలతో ఆ కంత మూసేశాడు. రెండు రోజుల్లో జాలీ తెచ్చి బిగిద్దామనుకున్నాడు. కార్తీకంలో పని మీద పని, తేలేదు. చెప్పేవి శ్రీరంగ నీతులు అన్నట్టు, ఊరందరి కిటికీలూ తెరిపించిన మనిషి తన ఇంటి కిటికీ సంగతే మరిచిపోయాడు.

దేవకమ్మ ఇంట్లో అట్ట పీకేసి, బర్నర్ శుభ్రం చేసి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. శకుంతలమ్మ భజనకు పోయింది. మునిప్రసాద్ లాడ్జీలో ఉన్నాడు. ఏకాంబరం గోడ గడియారం తీసుకొని స్నానాల గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. గీజర్ తిప్పి, బోర్లించిన బక్కెట్ మీద కూర్చొని గడియారం ఎదురుగా పెట్టుకున్నాడు. తన అనుమానం తప్పు కావాలని, ఇరవై నిమిషాలు కులాసాగా కూర్చొని లేచి రావాలని ఆయన ఎంత కోరుకున్నాడో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి.

పదో నిమిషానికి కణతలు అదరసాగాయి. పన్నెండో నిమిషానికి మోకాళ్ళలో సత్తువ పోయింది. లేవాలని చూస్తే కాళ్ళు తనవి కానట్టున్నాయి. పాకి గడియ తీసి, గడప మీద బోర్లా పడ్డాడు. చాలాసేపు అట్లాగే పడి ఉండి, కాస్త తెలివి కుదిరాక గీజర్ ఆపి, స్టూలెక్కి చెక్క ఊడదీశాడు. ఆ సాయంత్రమే జాలీ కొనుక్కొచ్చి బిగించాడు. ముఖమట్లా ఉందేమని భార్య అడిగితే ఎండ తగిలిందన్నాడు. మార్గశిరంలో ఎండ ఏమిటని ఆమె అనుకోలేదు.

నిజం చెప్పేయడానికి ఆ రాత్రి చాలు. ఏకాంబరం చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆయనకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. సొంత కోడలిని గీజర్‌కు బలిపెట్టబోయినవాడు అంటారు. ఇంక ఎవరి ఇంట్లో చెయ్యి పెట్టనిస్తారు? ఇప్పుడు వెంటిలేటర్ తెరిచే ఉంది కదా. పిల్లను తీసుకొస్తే మళ్ళీ పడదు. అందరూ మాత్రలకు నయమైందనుకుంటారు. ఎవరికీ నష్టం లేదు. ఇట్లా తనకు తానే సర్దిచెప్పుకొని, మోహనను పిలుచుకొద్దామని మరుసటి రోజు భార్యతో మెల్లగా అన్నాడు. శకుంతలమ్మ ఇంతెత్తున లేచింది. రెండేళ్ళ మాత్రలు మూడు వారాలకే అయిపోయాయా అంది.

ఆదివారం మధ్యాహ్నం తిరుమలయ్య వచ్చాడు. మోహన తండ్రి. చేతిలో కొత్త చెనక్కాయల సంచి. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకొని నిలబడి, చివరికి గడప పక్కన ఆనించాడు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు. చిన్నకూతురు భానుప్రియకు సూళ్లూరుపేటలో ఢిల్లీబాబు అనే పిల్లవాడితో సంబంధం కుదిరిన సంగతి అందరికీ తెలిసిందే. మాఘంలో పెళ్ళి. ఇప్పుడు అవతలివాళ్ళు వెనకాడుతున్నారట. అక్కకు ఫిట్స్ అంట గదా, వంశంలో ఉందేమో అంటున్నారట. వాళ్ళకెట్లా తెలిసిందో తనకు తెలియదన్నాడు. శకుంతలమ్మ ముఖం తిప్పుకుంది. సూళ్లూరుపేటలో ఉన్న చిన్నమ్మ కూతురు వసంతమ్మతో ఫోన్‌లో గోడు వెళ్ళబోసుకున్నది ఆమే.

"బావా, ఆ పిల్లోడంటే మా భానుకు మనసు. అన్నం తినడం మానేసింది" అన్నాడు తిరుమలయ్య. "పెండ్లికి ముందు మోహనకు ఇట్లాంటిది ఎప్పుడూ లేదు. ఆ మాట నేను చెప్తే నమ్మరు. తండ్రి గదా, దాచిపెడతాడు అనుకుంటారు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు. నీ మాటకు విలువ ఉండాది."

ఏకాంబరం నోట్లో నిజం ఉంది. పెదవి కదిపితే చాలు. అంతలో శకుంతలమ్మ అందుకుంది.

"కండ్లారా చూసినాము గదన్నా. నురగ నేనే తుడిచినాను. ఇప్పుడు పోయి అబద్ధం చెప్పమంటావా?"

తిరుమలయ్య ఆమె వైపు చూడలేదు. వియ్యంకుడి ముఖమే చూస్తూ కూర్చున్నాడు. ఏకాంబరం గొంతు సవరించుకొని, ఆలోచించి చెప్తాను బావా అన్నాడు. అంతే అన్నాడు. ఆ పెద్దమనిషి ఇంకాసేపు ఎదురుచూసి, లేచి చెప్పులేసుకున్నాడు. తెచ్చిన కాఫీ అట్లాగే చల్లారిపోయింది.

తర్వాతి నాలుగు రోజులూ ఏకాంబరం పనికి పోయాడు, వచ్చాడు. ఒక ఇంట్లో కూలర్‌కు మోటారు తిరగేసి బిగించాడు. ఇంకో ఇంట్లో ఏసీ కప్పు పెట్టడమే మరిచిపోయి వచ్చాడు. రేపు చెప్తాను అని ప్రతి రాత్రీ అనుకోవడం, తెల్లారితే 'గీజర్ ఏకాంబరమేనా?' అని ఎవరో ఫోన్ చేయడం, ఆ మాట మళ్ళీ మింగేయడం. పాపం చేసినవాడికంటే దాచుకున్నవాడికి నిద్ర తక్కువ.

గురువారం సాయంత్రం దీపాలు పెట్టే వేళ మునిప్రసాద్ ఇంటికి వచ్చి, బూట్లయినా విప్పకుండా వరండాలో కూర్చుండిపోయాడు. భానుప్రియ సంబంధం తప్పిపోయిందన్నాడు. వద్దని ఆ రోజే కబురు పంపించారట. అవునా అని శకుంతలమ్మ నిట్టూర్చి, ఏమైనా వాళ్ళ జాగ్రత్త వాళ్ళదిలే అనబోయింది. కొడుకు కళ్ళలో నీళ్ళు చూసి ఆగిపోయింది.

"మోహన ఫోన్ చేసింది" అన్నాడు మునిప్రసాద్. "నన్ను ఇడిచిపెట్టేసి ఇంకో పెండ్లి చేసుకోమంటాది. నా రోగంతో చెల్లెలి బతుకు పోయింది, నీ బతుకైనా మిగలనీ అంటాది. నేను రేపే పోతాండాను నాయనా. రోగమైనా రొష్టైనా ఆడనే ఉంటాను. ఇన్ని దినాలూ నోరు మూసుకొని కూచున్నందుకు నాకు సిగ్గుగా ఉండాది."

సిగ్గు అన్న మాట కొడుకు నోట వినగానే ఏకాంబరానికి ఇక నిలవరించుకోవడం చేతకాలేదు.

"దానికి రోగం లేదురా" అన్నాడు.

ఇద్దరూ ఆయన వైపు చూశారు.

"గీజర్. నేను వెంటిలేటర్‌కు చెక్క కొట్టినాను, కోతి వచ్చిందని. పోయిన గురువారం నేనే లోపల కూచోని చూసినాను. పన్నెండు నిమిషాలకు కాళ్ళు పడిపోయినాయి."

మునిప్రసాద్ లేచి స్నానాల గదిలోకి వెళ్ళాడు. కొత్త జాలీని, గోడ మీద స్క్రూలు తీసిన నాలుగు గుర్తులను చూసి వచ్చాడు. వారం రోజులుగా ఆ గదిలోనే స్నానం చేస్తున్నాడు. వెలుతురు ఎక్కువగా ఉందని ఒక్కసారి అనిపించింది కూడా. ఏసీల పని చేసేవాడై ఉండి తలెత్తి చూడలేదు.

"నాలుగు స్క్రూలు విప్పినావు. నోరు విప్పలేకపోయినావా నాయనా?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఏకాంబరానికి కొంచెం తేలికగా ఉండేదేమో.

శకుంతలమ్మ ఒప్పుకోలేదు. అదే గదిలో మనమూ పోసుకున్నాము గదా, మనకేమీ కాలేదే అని వాదించింది.

"నువ్వు పోసుకునేటప్పుడు గీజర్ మండతా ఉండిందా అమ్మా? మోహన పట్టిపెట్టిన నీళ్ళు నువ్వు పోసుకున్నావు, నేను పోసుకున్నాను. అది పోయినాక మనకు పొయ్యి మీద కాచిన నీళ్ళే. నాయన పెరట్లో పోసుకున్నాడు. మంట మండేటప్పుడు లోపల నిలబడింది మోహన ఒక్కతే."

కార్తీకంలో రోజూ తెల్లవారుజామున తలుపు తీసుకొని బయటికి వచ్చి, ముఖం పాలిపోయి, 'నీళ్ళు పెట్టినాను అత్తా' అని చెప్పి గోడ పట్టుకొని నడిచిన పిల్ల శకుంతలమ్మ కళ్ళ ముందు కదిలింది. బద్ధకం అనుకుంది అప్పుడు. అట్లాగే నేల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. వసంతమ్మకు ఫోన్ చేసిన సంగతి కూడా ఆ ఏడుపులోనే బయటపెట్టింది.

తెల్లవారి మొదటి బస్సుకు ముగ్గురూ బయలుదేరారు. పుత్తూరు, నాగలాపురం మీదుగా సత్యవేడులో దిగారు.

తిరుమలయ్య ఇల్లు ఊరి చివర, చేలకు ఎదురుగా. ఆయన గానీ భార్య సుబ్బులమ్మ గానీ రమ్మని పిలవలేదు, పొమ్మనీ అనలేదు. లోపలి నుంచి మోహన వచ్చి వాకిలి దగ్గర నిలబడింది. ఏకాంబరం మొదట ఆమెను గుర్తుపట్టలేదు. మనిషి చిక్కిపోయింది. నడుము దిగిన జుట్టు లేదు. మెడ దాకా కత్తిరించి ఉంది. మళ్ళీ పడిపోతుందేమోనని తలుపు తీసే ఉంచి తల్లి నీళ్ళు పోస్తోందట. త్వరగా ముగించడానికి జుట్టు తీయించేశారట. సుబ్బులమ్మ ఆ మాట ఎవరికో చెప్తున్నట్టు గోడ వైపు తిరిగి చెప్పింది.

ఏకాంబరం కూర్చోలేదు. ఇంటి మధ్యలో నిలబడి జరిగిందంతా చెప్పాడు. కోతి సంగతి, చెక్క సంగతి, దేవకమ్మ ఇంట్లో తనకు తట్టిన సంగతి, బక్కెట్ మీద కూర్చొని చూసిన సంగతి. ఏదీ తగ్గించలేదు. తనకు ఎవరూ ఎదురు చెప్పకపోవడంతో ఇంకా భయం వేసి, చెప్పిందే మళ్ళీ చెప్పాడు.

గుమ్మం వెనక నుంచి భానుప్రియ వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మామా, నీకు తెలిసి ఎన్ని దినాలయింది?"

నిన్ననే అని ఏకాంబరం అనవచ్చు. ఎవరూ లెక్క అడగరు. కొడుకూ భార్యా కూడా ఆ క్షణంలో ఆయన ముఖం చూడలేదు.

"ఎనిమిది దినాలు" అన్నాడు.

"వాళ్ళు వద్దన్నది నిన్న" అంది భానుప్రియ. లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

తిరుమలయ్య లేచి నిలబడ్డాడు. పై కండువా పిడికిట్లో నలుగుతోంది. ఆ ఆదివారం తన గడపలో కాఫీ చల్లారేదాకా ఎదురుచూసిన మనిషి ఇప్పుడు కొట్టినా తప్పు లేదనుకున్నాడు ఏకాంబరం. నిజానికి కొడితే బాగుండుననుకున్నాడు. తిరుమలయ్య చెయ్యెత్తలేదు. తలుపు వైపు చూస్తూ, ఎనిమిది దినాలా బావా అని మాత్రం అన్నాడు.

మోహన ఇంకా వాకిలి దగ్గరే ఉంది. ఆమెకు ఆ ఎనిమిది రోజుల సంగతి వినపడినట్టే లేదు. ఎక్కడో మొదట్లో విన్న మాట దగ్గరే ఆగిపోయింది.

"నాకేం లేదా మామా?" అంది.

"లేదు తల్లీ. వేరే డాక్టర్ను చూద్దాం, ఆయన చెప్పినాకే మాత్రలు ఆపుదాం. కానీ నీకేం లేదు. ఉండిందంతా నా చేతి పనిలోనే."

"నా తలకాయలో ఏదో ఉండాదని నేనే నమ్మినాను" అంది మోహన. "పొయ్యి కాడికి పోను భయం. మిద్దె ఎక్కను భయం. పక్కింటి అక్క బిడ్డను ఎత్తుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఎత్తుకొని పడిపోతే ఎట్లని." పోయిన నెలరోజుల్లో ఒక్కసారి కూడా ఎవరి ముందూ ఏడవని పిల్ల గడప మీద కూర్చొని బావురుమంది. మునిప్రసాద్ పక్కన కూర్చొని చెయ్యి పట్టుకున్నాడు. శకుంతలమ్మ దగ్గరికి రాబోయి, రాలేక, అక్కడే నేలకు తల ఆనించింది. నా నోరే మీ ఇంటికి నిప్పు పెట్టింది అమ్మా అని గొణుక్కుంటూ ఉంది. మోహన విన్నదో లేదో, అత్తను లేవనెత్తలేదు.

లోపలి తలుపు తెరుచుకుంది. భానుప్రియ వచ్చి అక్క పక్కన కూర్చొని, కత్తిరించిన ఆ జుట్టు మీద చెంప పెట్టుకుంది. "నీకేం లేదంటక్కా. వింటివా, నీకేం లేదంట" అని పదేపదే అంటూ అక్కతో పాటు ఏడ్చింది. ఏకాంబరం వైపు మాత్రం చూడలేదు. ఆయన అక్కడ ఉన్నంతసేపూ చూడలేదు. క్షమించమని అడగడానికి నోరు తెరిచి, ఆ పిల్లను ఏ ముఖంతో అడగాలో తెలియక మూసుకున్నాడు ఏకాంబరం. ఈ పిల్లకు తాను ఏమీ తిరిగి ఇవ్వలేడు. గీజర్ అయితే విప్పి కొత్తది పెట్టేవాడు.

"రేపు నేను సూళ్లూరుపేటకు పోతాను బావా" అన్నాడు తిరుమలయ్యతో. "ఢిల్లీబాబు ఇంటి ముందర నిలబడి, వీధంతా వినేటట్టు నా తప్పు నేను చెప్పుకుంటాను. ఆడ చెప్పినాక తిరుపతిలో నేను గీజర్ బిగించిన ప్రతి ఇంటికీ పోయి చెప్తాను. ఇంక నన్ను ఎవరూ పిలవకపోతే పిలవకపోనీ."

వాళ్ళు వేరే సంబంధం చూసుకుంటున్నారు, ఇప్పుడు చెప్పి ఏం లాభమని సుబ్బులమ్మ అంది. లాభం లేకపోవచ్చని ఏకాంబరానికీ తెలుసు.

మోహన కొంగుతో ముఖం తుడుచుకుంది. లేచి, చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఒక్కడివే పోతే నమ్మరు మామా. కోడలిని పిలుచుకుపోయేదానికి కతలు చెప్తాండాడు అంటారు" అంది. "నేనూ వస్తాను. నువ్వు చెప్పు. నేను నీ పక్కన నిలబడతాను. వాళ్ళు నన్ను కండ్లారా చూడనీ."

ఏకాంబరం రెండు చేతులూ జోడించి కోడలికి దణ్ణం పెట్టబోయాడు. ఆ చేతులు పైకి లేవకముందే మోహన పట్టుకొని కిందికి దించింది. అరవై ఏళ్ళ మనిషి అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆపమని ఎవరూ అనలేదు.